తలకోన గిల్లతీగ, పెద్దమ్మ కొంగుముడి

నిన్న రాత్రి పదకొండింటికి అనంతపురంలో ఇల్లు చేరాం. సంచుల్లో బట్టలు ఇంకా అట్లాగే ఉన్నాయి. పెద్దమ్మ మాత్రం తన నీలం చీరను ఉతకడానికి వేయనివ్వడం లేదు. దాని కొంగుకి ఒక ముడి ఉంది. "పిల్ల బడి నుంచి వచ్చేదాకా విప్పొద్దు" అంటోంది. ఆ పిల్ల వచ్చేలోపు ఈ నాలుగు రోజుల సంగతి రాసి పెడదామని కూర్చున్నాను.

డిసెంబరు 20, శనివారం. తిరుపతి

పెద్దమ్మకి డెబ్బై రెండేళ్ళు. పుట్టింది పీలేరు దగ్గర పల్లెలో. ఆమె చిన్నప్పుడు మా అవ్వ దగ్గర ఒక గిల్ల గింజ ఉండేదట. గంజి పెట్టి ఆరేసిన పంచెను పీట మీద పరిచి ఆ గింజతో బలంగా రుద్దితే బట్టకి నునుపు వచ్చేది, కుచ్చిళ్ళ మడత చెదరకుండా నిలిచేది. అరచేతిలో సరిగ్గా ఇమిడే గుండ్రటి గింజ. రెండు వైపులా బిళ్ళలాగా కొంచెం ఉబ్బుగా, చింతగింజ రంగులో ఉండేదని చెప్తుంది. శివరాత్రికి బండి కట్టుకుని తలకోన పోయినప్పుడు వాళ్ళ నాయన తెచ్చాడట. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. అప్పటి నుంచి ఆ గింజ మాట ఎత్తినప్పుడల్లా "దాని తీగను ఒక్కసారి చూడాల" అనేది. నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను. ఆ తీగ గురించి పుస్తకాల్లో చదివానే గాని, కళ్ళతో చూడలేదు. ఈసారి సెలవు దొరికింది.

తిరుపతిలో దిగగానే తలకోన దాకా ఆగలేక, గోవిందరాజస్వామి గుడి దగ్గర వీధుల్లో మూలికలు అమ్మే అంగళ్ళకి తీసుకెళ్ళింది నన్ను. మొదటి అంగట్లో "గిల్ల గింజ ఉందా నాయనా?" అని అడిగితే, ఆ అబ్బాయి డబ్బా తెరిచి నాలుగు బూడిదరంగు గోళీల్లాంటివి చేతిలో పోశాడు. పది రూపాయలు.

"ఇది గచ్చకాయ నాయనా. నేనడిగింది గిల్ల."

"రెండూ ఒకటే కదమ్మా?"

"ఒకటెట్లయితాది? ఇది గోళీ అంత, అది అరచెయ్యంత."

గచ్చకాయలు నాకూ బాగా తెలుసు. బండ మీద గట్టిగా రుద్ది పక్కనున్న పిల్ల చేతికి అంటిస్తే చురుక్కుమనేది. గచ్చ కూడా తీగే, గిల్ల కూడా తీగే, రెండూ చిక్కుడు కుటుంబానివే. కానీ గచ్చ ఒళ్ళంతా కొక్కేల్లాంటి ముళ్ళతో పొదలా అల్లుకుంటుంది, ఊరి బయట కంచెల్లోనూ కనిపిస్తుంది. గిల్లకి తడి ఉన్న అడవి కావాలి, ఎక్కడానికి పెద్ద చెట్లు కావాలి. రెండో అంగడి పెద్దాయనకి గిల్ల తెలుసు. "ముందు కొండ నుంచి తెచ్చేవాళ్ళమ్మా. ఇప్పుడెవరూ తేవడం లేదు" అన్నాడు. తేకపోవడమే మంచిదని నాకు అనిపించింది గాని, పెద్దమ్మ ముఖం చూసి ఊరుకున్నాను.

గచ్చకాయలు తిరిగిచ్చేస్తే బాగుండదని పది రూపాయలిచ్చి తీసుకున్నాం. బయట నన్నారి షర్బత్ తాగాం, గ్లాసు 30 రూపాయలు. చలికాలంలో ఎవరూ తాగరు, పెద్దమ్మ తాగుతుంది. ఈ సీమలో నన్నారికి వాడే మారెడు కొమ్ములు కూడా ఈ కొండల తీగవే. కాయో ఆకో కోసుకుంటే తీగ మళ్ళీ చిగురిస్తుంది. ఇక్కడ మనిషికి కావాల్సింది దాని వేరు. తవ్వి తీశాక తీగ మిగలదు. అందుకే ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేరింది. ఇది చెప్తే పెద్దమ్మ గ్లాసు దించి, "మా అమ్మ మజ్జిగలో ఊరబెట్టేది ఆ గడ్డల్ని. ఊరంతా పెట్టేవాళ్ళు. ఎంత తవ్వినామో" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

డిసెంబరు 21, ఆదివారం. భాకరాపేట కనుమ, నెరబైలు

కారు మాట్లాడుకున్నాం. మూడు రోజులకి 9,000 రూపాయలు, డీజిల్ వాళ్ళదే. నడిపే అబ్బాయిది చంద్రగిరి. పెద్దమ్మ ఎక్కీ ఎక్కగానే "నీకు పెండ్లయిందా నాయనా?" అని మొదలుపెట్టి, కనుమ ఎక్కేలోపు వాళ్ళ మేనత్తల పేర్లు కూడా తెలుసుకుంది.

భాకరాపేట కనుమ మలుపుల్లో రెండు వైపులా ఎర్రచందనం చెట్లు కనిపిస్తాయి. ముసలి మొసలి చర్మంలాగా చదరాలుగా పగిలిన బెరడు వాటి గుర్తు. ఈ తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా పెరగదు. కిటికీ దించి చూస్తూ వెళ్ళాం.

భాకరాపేట దాటి నెరబైలు వైపు వెళ్ళాల్సిన చోట దారి తప్పాం. తప్పు నాదే. ఫోన్‌లో దారి పోయింది, ఎడమకి తిప్పమన్నాను. తారు రోడ్డు మట్టి రోడ్డయింది, మట్టి రోడ్డు మామిడి తోటలో ఒక పశువుల పాక ముందు ఆగిపోయింది. పాక ముందు ఒక అవ్వ, ఆమె కోడలు కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నారు. చిత్తూరు సీమలో ఈ నెలల్లో ఏ ఇంటి ముందు చూసినా ఇదే పని.

"యాడికి పోవాల మీరు?"

"తలకోనకి."

"తలకోన ఆ పక్క గదా! ఇది మా తోట. వచ్చినారు గదా, కూచోండి."

పెద్దమ్మకి ఇంకో మాట అక్కర్లేదు. చెప్పులు విడిచి వాళ్ళ పక్కనే చతికిలబడి కాయలు ఒలవడం మొదలుపెట్టింది. అనపగింజల్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ రెండు వేళ్ళ మధ్య పట్టి పితికితే పైతోలు ఊడి లోపలి పప్పు జారి పడుతుంది. అదే పితికిపప్పు. ముందురోజు నానేసింది కూరయి సిద్ధంగా ఉంది. అల్లం, కొబ్బరి, గసాలు నూరి వేసి, పలుచగా కాచిన పులుసు. రాగి సంకటి ముద్ద మధ్యలో గుంట చేసి పోశారు. నేను ఒక ముద్ద తిని చాలన్నాను. "ముద్ద తిని లేస్తే మాకు మర్యాద గాదు" అని ఇంకొకటి వేసింది కోడలు. పక్కన చెనిగ్గింజల ఊరిబిండి. సంకటిని నమలకుండా మింగాలని డ్రైవరు అబ్బాయి నాకు మళ్ళీ నేర్పాడు. మాది కూడా సంకటి తినే ఊరే, నేనే మరిచిపోయాను.

డబ్బులు ఇవ్వబోతే అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టి ఆపింది. తిన్న చోట తిన్నదానికి లెక్క కట్టకూడదు. తిరుపతిలో కొన్న అరటిపళ్ళు, ఆకు వక్క అవ్వ చేతిలో పెట్టి, 200 రూపాయలు అక్కడ ఆడుకుంటున్న చిన్నవాడి గుప్పిట్లో పెట్టింది. అది పిల్లవాడికి ఇచ్చింది కాబట్టి ఎవరూ కాదనలేదు.

గిల్లతీగ చూడటానికి వెళ్తున్నామంటే అవ్వ ఆశ్చర్యపోయింది. "తీగను చూసేదానికా ఇంత దూరం? జనం నీళ్ళ కోసం వస్తారు, సామి కోసం వస్తారు." కాసేపాగి, "మా పెండ్లప్పుడు మా ఇంట్లోనూ ఉండె గిల్ల, గుడ్డలు రుద్దేదానికి" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. పెద్దమ్మ చెప్పిన మాటకి ఇంకో సాక్ష్యం దొరికినట్టయింది నాకు.

చీకటి పడే వేళకి తలకోన చేరి అక్కడి వసతి గదిలో దిగాం. దుప్పట్లు పలుచన, చలి బాగా ఉంది. రాత్రంతా వాగు చప్పుడు.

డిసెంబరు 22, సోమవారం. తలకోన

పొద్దున్నే సిద్ధేశ్వరస్వామి గుళ్ళో దర్శనం. సోమవారం కాబట్టి ఊళ్ళ నుంచి జనం వచ్చారు. గుడి పక్క నుంచి నీళ్ళు పారుతూనే ఉంటాయి. శేషాచలం చాలావరకు ఎండు అడవి, ఎర్రమట్టి, రాళ్ళు. తలకోన మాత్రం నిలువు కొండల మధ్య లోయ. ఎండ ఆలస్యంగా దిగుతుంది, రాళ్ళలోంచి నీరు ఊరుతూ ఉంటుంది. చెట్లు మామూలు కంటే ఎత్తు. గిల్లతీగ ఇక్కడే ఎందుకు నిలిచిందో గుడి ముందు నిలబడితే అర్థమవుతుంది.

మాకు దారి చూపించడానికి ఒక యానాది తాత వచ్చాడు. అరవై ఐదు దాటి ఉంటాయి, చెప్పుల్లేవు. రోజు కూలి కింద 500 ఇస్తామని ముందే మాట్లాడుకున్నాం. పెద్దమ్మ నడక చూసి, ఏమీ అనకుండా ఒక కర్ర విరిగి పడి ఉంటే ఏరి, గరుకు లేకుండా చేత్తో తుడిచి ఇచ్చాడు.

దారిలో పక్కకి ఒరిగిన పెద్ద మొద్దు ఒకటి అడ్డం వచ్చింది. పడిపోయిన చెట్టనుకుని దాటబోయాను.

"అదేనమ్మా గిల్ల" అన్నాడు తాత.

నేను ఆగిపోయాను. తీగంటే నాకు కళ్ళ ముందు ఉన్న బొమ్మ వేరు. ఇది నా నడుమంత లావు. గుండ్రంగా లేదు. నొక్కి మెలితిప్పిన పలుపులాగా ఉంది. నేల మీద కొంత దూరం పాకి, ఒక మెలిక తిరిగి, పైకి లేచి, ఇంకో చెట్టు కొమ్మ మీద వాలి, అక్కడి నుంచి వాగు అవతలికి దాటింది. అవతల మళ్ళీ ఊయలలాగా కిందికి వేలాడి, పైకెక్కి, ఆకుల్లో మాయమైంది. ఒక్క పాయను పట్టుకుని కింద కింద నడుస్తూ అడుగులు లెక్కపెట్టాను. నూట ఇరవై అడుగుల తర్వాత అది ఇంకో పాయలో కలిసిపోయింది, ఏది ఏదో తెలియలేదు.

"దీని మొదలు ఎక్కడ తాతా?"

"మొదులు అడగొద్దమ్మా. యాడ నేలకి తగిల్తే ఆడ మల్లా ఏరు దిగుతాది. మా అబ్బ కాలానికే ఇట్లుండె."

ఈ తీగ అయిదు కిలోమీటర్లు పాకిందని, మూడువందల ఏళ్ళదని ఇక్కడందరూ చెప్తారు. నేను కొలవలేదు. ఆ ఒక్క పాయ దగ్గర నిలబడి తల ఎత్తితే, ఎన్ని చెట్లు దాన్ని మోస్తున్నాయో మాత్రం చూశాను. పదకొండు చెట్ల దాకా గుర్తుపట్టగలిగాను.

చెట్టు తన బరువు తనే మోయాలి, అందుకు ఏటేటా మాను లావెక్కాలి. గిల్లకి ఆ ఖర్చు లేదు. ఆకు కొసన చీలిన నులితీగతో కొమ్మను పట్టుకుని, చెట్టు బలంతో వెలుతురు దాకా పోతుంది. దాని కాండం లోపల నీళ్ళు ఎక్కే గొట్టాలు వెడల్పుగా ఉంటాయి. అందుకే నేల తడిని అంత దూరం, అంత ఎత్తు పంపగలదు. కింద నిలబడితే మనకి దాని కాండాలే కనబడతాయి. ఆకులు, పూలు అన్నీ చెట్ల తలల మీద ఎండలో ఉంటాయి. మేం నిలబడి ఉండగా ఒక బెట్లుడుత వాగుకి ఆ పక్క చెట్టు నుంచి ఈ పక్కకి, గిల్ల పాయ మీదుగా, నేల తాకకుండా నడిచి వచ్చింది. దానికి అది రోజూ తిరిగే దారి.

ఆ తీగ మీదే మనుషులు చేసిన పని కూడా చూశాను. జనం తిరిగే వైపు పాయల నిండా చెక్కిన పేర్లు, బాణం గుచ్చిన గుండె బొమ్మలు, తేదీలు. పాతవి మాని, అక్షరాలు ఉబ్బి పైకి లేచాయి. కొత్తవి ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఇంత తీగ మన రాష్ట్రంలో ఇంకెన్ని చోట్ల చూడగలం? ఊయల ఊగి ఊగి ఒక పాయ నున్నగా అయిపోయింది. అక్కడికి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు దాని మీద ఎక్కబోతే తాత గట్టిగా అరవలేదు. "దిగండి నాయనా, అది ముసిల్ది" అన్నాడంతే. దిగేశారు.

కాయల కోసం తాత మమ్మల్ని వాగు వెంట ఇంకొంత లోపలికి తీసుకెళ్ళాడు. పైన కొమ్మల నుంచి వేలాడుతున్నాయి. చిక్కుడుకాయను బారెడు చేసి చెక్కతో చేసినట్టు. గింజకో గది చొప్పున నొక్కులు. ఎండిన కాయ విడిపోయేటప్పుడు గదికి గది ఊడి గింజతో సహా పడిపోతుంది. రెండు అంచుల బద్దలు మాత్రం తలుపు లేని చట్రంలాగా చెట్టుకే వేలాడుతూ ఉండిపోతాయి. పాత సంవత్సరాల చట్రాలు కూడా అక్కడక్కడా ఉన్నాయి.

ఒక కాయ నిండుగా, ఒక్క గదీ ఊడకుండా, రెండు బండల మధ్య పడి ఉంది. తాత తీసి పెద్దమ్మ ఒడిలో పెట్టాడు. ఊపితే లోపల గింజలు కదిలాయి. పెద్దమ్మ వేలితో ఒక్కో గదిని ముట్టి లెక్కపెట్టింది. పదమూడు. పక్కనే ఊడిపడిన ఒక గది పగిలి, లోపలి గింజ బయటపడి ఉంది. అది తీసి చీర కొంగుతో తుడిచింది. రెండు చేతుల మధ్య పెట్టుకుంది. తర్వాత మోకాలి మీద కుచ్చిళ్ళు సర్ది, ఆ గింజతో రుద్దడం మొదలుపెట్టింది. అరవై ఏళ్ళ కింద మా అవ్వ చేసిన పని ఆమె చేతికి ఇంకా గుర్తుంది. మణికట్టు తిప్పే తీరు కూడా.

ఈ గింజతో బట్ట రుద్దేది మా అవ్వ ఒక్కతే కాదు. బెంగాల్లో దీన్ని గిలా అంటారు. పంచెలకి, లాల్చీ చేతులకి సన్నటి మడతలు పెట్టడానికి వాడేవాళ్ళు. అస్సాంలో ఇదే ఘిలా, దాంతో గురి చూసి కొట్టే ఆట ఉంది. మిజోలు, చక్మాలు కూడా ఈ గింజలతో ఆడతారు. మన గిల్ల, వాళ్ళ గిలా, ఘిలా: పేరు కూడా గింజతో పాటే తిరిగినట్టుంది. మలయాళంలో కాక్కువళ్ళి. 17వ శతాబ్దంలో కొచ్చిలో డచ్చివాళ్ళ అధికారిగా ఉన్న వాన్ రీడ్ మలబారు మొక్కల గురించి అచ్చువేయించిన సంపుటాల్లో పెరిం కాకువళ్ళి పేరుతో దీని బొమ్మలున్నాయి. ఆయన పేరు మీదే శాస్త్రజ్ఞులు దీన్ని ఎంటాడా రీడియై అన్నారు. మన పుస్తకాల్లో ఇంకా ఎంటాడా పర్సీతా అనే పాత పేరే ఎక్కువ కనిపిస్తుంది. గింజ లోపల కొంచెం ఖాళీ ఉంటుంది, పెంకు నీటిని రానివ్వదు. అందుకే నదుల్లో పడి సముద్రం చేరి తేలుతూ పోతుంది. ఆఫ్రికా నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఈ తీగ ఉంది.

ఇదంతా పెద్దమ్మకి చెప్తుంటే తాత కూడా వింటున్నాడు. "సముద్రం నాకు తెల్దు గాని, వానకి వాగులో కొట్టుకపోతాయి. కింద మిట్టలో రెండు మొలిసినాయి ఆ పొద్దు" అన్నాడు. తినొచ్చా అని అడిగాను, ఏమంటాడో చూద్దామని. "పచ్చిది తింటే కడుపు చెడతాది. నురగ వస్తాది అది, తల రుద్దుకుంటారు" అన్నాడు. నురగ తెచ్చే సపోనిన్లు ఆ గింజలో నిండుగా ఉంటాయి. పుస్తకం చెప్పేదీ అదే.

పెద్దమ్మ గింజను సంచిలో వేసుకుంటుందనే అనుకున్నాను. ఇది జాతీయ వనం, 1989లో ప్రకటించింది. ఇక్కడి నుంచి ఏదీ తీసుకెళ్ళకూడదు. ఆ మాట ఎట్లా చెప్పాలా అని చూస్తున్నాను. తాత కూడా వేరే వైపు చూస్తున్నాడు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమే లేచి, వాగుకి కొంచెం ఎడంగా మెత్తటి మట్టి ఉన్న చోట గింజను పెట్టి, కర్ర కొసతో ఆకులు కప్పింది.

"మారెడు కొమ్ముల మాట చెప్పినావు గదా మొన్న" అంది నాతో.

తర్వాత ఆ నిండు కాయను బండ మీద పరిచి, కొంగు అంచును దాని ఒక కొసకి ఆనించి, రెండో కొస వచ్చిన చోట చీరకి ముడి వేసింది. రెండు మూరల పైన నాలుగు వేళ్ళు. కాయను మళ్ళీ బండల మధ్య దొరికిన చోటే పెట్టేశాం.

మధ్యాహ్నం గుడి దగ్గర గుడిసె హోటల్లో భోజనం, 120 రూపాయలు. అన్నం, చారు, వంకాయ కూర, అప్పడం. తాతను మాతో కూర్చోమంటే మొదట ఒప్పుకోలేదు. పెద్దమ్మ "నువ్వు తింటేనే నేను తినేది" అని విస్తరి పక్కకి జరిపింది. కూర్చున్నాడు. సాయంత్రం ఇచ్చిన 500లో నుంచి వంద తీసి, "ముసలామె మోకాళ్ళకి నూనె కొను" అని నా చేతిలో పెట్టబోయాడు. తీసుకోలేదు నేను. ఆ చెయ్యి చాచిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

డిసెంబరు 23, మంగళవారం. జలపాతం, తిరుగు దారి

పొద్దున జలపాతం దాకా వెళ్ళాం. 270 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. మెట్లు, బండలు. పెద్దమ్మ సగంలో కూర్చుండిపోయింది, నేనొక్కదాన్నే వెళ్ళి వచ్చాను. నేను వచ్చేసరికి కోతులు మా బొరుగుల పొట్లం ఎత్తుకుపోయాయి. ఆ మిగిలిన దారంతా నాకు నీళ్ళ కంటే పైనున్న తీగల మీదే కన్ను. ఎక్కడ లావుపాటి పాయ వేలాడుతున్నా ఆగి, ఆకు చూసి, గిల్లా కాదా అని పోల్చుకున్నాను. చాలావరకు కాదు.

పీలేరు మీదుగా వెనక్కి వచ్చాం. పెద్దమ్మ పుట్టిన ఇంటి చోట ఇప్పుడు రెండంతస్తుల మేడ ఉంది. కారు ఆపమని అడగలేదు, కిటికీలోంచి చూసింది. కదిరి దాటాక ఒక చోట టీ, 15 రూపాయలు, మంచి చిక్కటి టీ.

ఇది రాస్తుండగా పెద్దమ్మ మనవరాలు బడి నుంచి వచ్చేసింది. ఏడేళ్ళ పిల్ల. సంచి పడేసి నేరుగా నీలం చీర దగ్గరికే పోయింది.

"ఇంత పొడుగు చిక్కుడుకాయ ఉంటుందా అవ్వా?"

"ఉంటాది. పదమూడు గింజలు దాంట్లో."

నమ్మకం కలగలేదు దానికి. కొంగును నేల మీద పరిపించి, అంచు దగ్గర మడమలు పెట్టి పక్కనే వెల్లకిలా పడుకుంది. ముడి దాని భుజం దాకా వచ్చింది.